పట్టకారు విజయము

వినండి.

ఉత్తరాన మన్యపు కొండలు నీలిగొడుగులు పట్టగా, చింతపల్లి ఘాటీ ఎక్కబోయే లారీలు తమ నల్లధూమంతో పట్టపగలే సంధ్యాకాంతులు సృష్టించగా, జీడిపూత పరిమళమూ బస్టాండు పకోడీల పరిమళమూ ఆకాశమార్గాన ఢీకొని ఏది గెలిచిందో తేలక రెండూ కలిసి ఊరిమీద పడగా, సకలజనకోలాహలసంకులమై, సైకిల్‌గంటానినాదముఖరితమై, దుమ్ములో దుమ్మై విరాజిల్లు నర్సీపట్నమను మహాపట్టణమందు, పంతొమ్మిదివందల డెబ్బైతొమ్మిదో సంవత్సరం మార్చి నెలలో, గురువారం మొదలు శనివారం మధ్యాహ్నం దాకా ఒక ఘోరసంగ్రామం జరిగింది. అది రాజ్యం కోసం కాదు. కూలిరేట్ల కోసం కూడా కాదు. ఒక వంటింట్లో ఏ సామాను తప్పక ఉండాలి, ఏది లేకపోయినా గడుస్తుంది అన్న ప్రశ్న మీద జరిగింది. ఆ యుద్ధంలో రక్తం చిందలేదు గాని పరువు చాలా చిందింది.

ఆ సంగ్రామవీరుడు ఎవడయ్యా అంటే, లారీలకు బస్తాలెత్తే కళాసీల సంఘానికి కార్యదర్శి, మూడో తరగతితో బడి మానేసి బస్టాండు గోడల మీది పోస్టర్లు చదివి అక్షరాలు గట్టిచేసుకున్న స్వయంభూపండితుడు, ఉపన్యాసభీకరుడు, కరపత్రపాణి, ఒక్క కేకతో బస్తాల లారీని నడిరోడ్డు మీద నిలబెట్టగల ఘనఘనాఘనగర్జనకంఠుడు, ఏసుపాదం. ఈ ఆఖరి సమాసం ఎలా విడదీయాలో నాకూ తెలీదు. వినడానికి బాగుంది, ఉంచేశాను.

దాపరికం ఎందుకు, ఆ ఏసుపాదం నేనే. కాని వీరగాథలో "నేను" అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. "అతడు" అంటే చేసిన వెధవపని ఇంకెవడో చేసినట్టు ధైర్యంగా చెప్పొచ్చు. అందుచేత అతడనే అంటాను.

ఇక ఆ వీరుడి వంటిల్లు వర్ణించాలి. వర్ణించడానికి ఏమీ లేకపోవడమే దాని వర్ణన. మిషను కాంపౌండు వెనక వీధిలో ఒంటిగది ఇల్లు. ఆ గదిలో ఒక మూల మట్టిపొయ్యి. పొయ్యి మీద ఒక సత్తుగిన్నె. అది కూడా సంఘం ఆఫీసుది. సమ్మెలప్పుడు గోడపత్రికలు అంటించడానికి మైదాజిగురు కాచే గిన్నె. మూత లేదు. పట్టుకోవడానికి చెవులు లేవు. అంచు సొట్ట. దానికి తోడు ఒక విరిగిన గరిటె, ఒక మంచినీళ్ల కుండ, రెండు పళ్లాలు. చతురంగబలాలు అంతే.

ఈ దారిద్ర్యం విధి ఇచ్చింది కాదు. ఉపన్యాసం ఇచ్చింది. అంతకు ఏడాదిన్నర కిందట మిషను గుళ్లో అతడికి మాకవరపాలెం కరుణకుమారితో పెళ్లయింది. మూడోరోజున మామగారు రెండెడ్ల బండి నిండా వంటసామాన్లు పంపించారు. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, మూతలు, గరిటెలు, కత్తిపీట, సమస్తం. అప్పుడు మన వీరుడు గుమ్మంలో సింహంలా నిలబడి, బండినీ, ఎడ్లనూ, బండివాణ్నీ ఉద్దేశించి ముప్పావుగంట మాట్లాడాడు.

"ఓ బండీ, విను. మామగారి గిన్నెలో ఉడికిన ప్రతి మెతుకూ అల్లుడి వెన్నెముకను ఒక అంగుళం మెత్తబరుస్తుంది. వంగిన వెన్నుతో వడ్డించుకునే పరమాన్నం కంటే నిటారుగా నిలబడి తాగే గంజి గొప్పది. శ్రమించే చేతులకు పాత్రలు వాటంతట అవే సమకూరతాయి. తిప్పవయ్యా బండి."

బండి తిప్పారు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. కరుణకుమారి కొట్టలేదు. గుమ్మం పక్కన నిలబడి, వెళ్లిపోతున్న బండిలోంచి తొంగిచూస్తున్న ఒక గిన్నెమూతను అది మలుపు తిరిగేదాకా చూసింది. ఆ చూపును వీరుడు తనమీద ఆరాధన అనుకున్నాడు.

ఆ తరవాత ఆవిడ ఆ జిగురుగిన్నెలోనే అన్నం వండింది, కూర వండింది, నీళ్లు కాచింది. ఏ సామానూ అడగలేదు. పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మూడో నెల వచ్చింది. గురువారం ఉదయం పోస్టుకార్డు వచ్చింది.

"ప్రభువు నామంలో వందనాలు. పాప బాగుంది. శనివారం పన్నెండు గంటల బస్సుకి వస్తున్నాం. అమ్మ కూడా వస్తుంది. పాపకి నీళ్లు కాచాలి, నాకు పత్యం వండాలి. ఆ ఇంట్లో ఏర్పాటు సరిగ్గా లేకపోతే పిల్లని ఉంచనివ్వను, రెండు గంటల బస్సుకి ఇద్దరినీ వెనక్కి తీసుకొచ్చేస్తాను అని అమ్మ గట్టిగా అంటోంది. అన్నీ కొనక్కర్లేదు. వంటింటికి ఏది ముఖ్యమో అది చూసి ఉంచండి. కరుణ."

వీరుడు కార్డు మూడుసార్లు చదివాడు. పిల్లను అతడు చూసింది ఒక్కసారే; అప్పుడది కళ్లు తెరవలేదు. శనివారం వస్తుంది. రెండు గంటలకు వెళ్లిపోవచ్చు కూడా. ఇదంతా ఒక చిన్న వాక్యం మీద ఆధారపడి ఉంది. ఏది ముఖ్యమో అది చూసి ఉంచండి. గిట్టుబాటు ధర మీద, బోనసు చట్టం మీద, ప్రపంచశాంతి మీద గంటలకొద్దీ మాట్లాడగల ఆ మహావక్తకు ఈ ఒక్క విషయం తెలియదు. అతడి దృష్టిలో వంటిల్లంటే, అన్నం ఏ దిక్కునుంచి వస్తుందో ఆ దిక్కు.

తెలియనప్పుడు వీరులు ఏం చేస్తారు? సభ పెడతారు.

గురువారం సాయంత్రం సంఘం ఆఫీసులో పదకొండుమంది కళాసీలు కొలువుదీరారు. బస్తాలు మోసి మోసి భుజాలు రాళ్లు తేలినవాళ్లు, ఎర్రతలపాగా ధారులు, బీడీధూమావృతవదనులు. ముందుగా సింగన్న లేచాడు. కళాసీల్లో అందరికంటే పెద్దవాడు, సైకిలు ఉన్న ఒకే ఒక్కడు.

"ముక్యమంటే రుబ్బురోలు తమ్ముడా. రోలు నేకపోతే పచ్చడి నేదు. పచ్చడి నేకపోతే నాను పొద్దున్న లెగడం ఎందుకు?"

సభ తలలూపింది. రెండోవాడు ప్రెషర్ కుక్కరు పేరెత్తాడు. తన మేనత్త విశాఖపట్నంలో ఒక ఇంట్లో చూసిందట. అది ఈల వేస్తే అన్నం అయిపోయినట్టట. వీరుడు పిడుగులా లేచాడు.

"సోదరులారా. ఈల. ఆ శబ్దం మనకు తెలియనిదా? గోడౌన్లో మేస్త్రీ ఈల వేస్తే మనం లేచాం, ఈల వేస్తే వంగాం, ఈల వేస్తే మోశాం. ఆ ఈల మీద మనం పధ్నాలుగు రోజులు సమ్మె చేశాం. అలాంటి ఈలను నా గదిలో, నా పొయ్యి మీద, నా పిల్ల నిద్రపోయే చోట కూర్చోబెట్టి దాని ఆజ్ఞ కోసం కంచం పట్టుకు నిలబడమంటారా?"

చప్పట్లు. కుక్కరు ఓడిపోయింది. తరవాత ఇడ్లీపాత్ర వచ్చింది, చేపల కత్తిపీట వచ్చింది, బొబ్బట్ల పెనం, కల్లుముంత, జంతికల గొట్టం వచ్చాయి. ఎవడి కడుపులో ఏది ఉంటే వాడి నోట అదే ముఖ్యమైన సామాను అయింది. దీపాలు పెట్టే వేళకు నలభైమూడు వస్తువుల జాబితా తయారై, ఏకగ్రీవంగా తీర్మానమై, వీరుడి సంతకంతో వెలిసింది.

అప్పుడు సింగన్న గొంతు సవరించుకున్నాడు. "తమ్ముడా, మనలో ఒక్కడైనా ఎప్పుడైనా అన్నం ఒండేడేటి?"

బీడీలు ఒక్కసారిగా వెలిగాయి.

"పోనీ మా ఇంటిదాన్ని ఒకమాటు అడిగి రానా? బేగి ఒచ్చీస్తాను."

"తీర్మానం అయిపోయింది" అన్నాడు వీరుడు.

అయింది గాని, నలభైమూడింటిలో ఒక్కటి కొనే తాహతు కూడా అతడికి లేదు. ఆ సంగతి తీర్మానంలో లేదు.

శుక్రవారం ప్రొద్దున, సూర్యుడు కొండల వెనకనుంచి లేచి లారీ అడ్డా మీద ఒక చూపు వేసి, పనికిరాని వీరుడొకడు గుమ్మంలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నట్టు గమనించుచుండగా, వీధి చివర ఒక కేక వినబడింది.

"పాతబట్టలకీ, స్టీలు సామాన్లే..."

ఆవిడ పేరు కొండలమ్మ. నెత్తిన రథచక్రమంత గంప. గంపలో సహస్రసూర్యులు పగిలి ముక్కలైనట్టు ధగధగలాడే పాత్రలు. భుజాన పాతబట్టల మూట. ఆ నాలుగు వీధుల్లో ఎన్ని పంచెలు, ఎన్ని చీరలు ఆవిడ చేతిలో చెంబులుగా మారిపోయాయో లెక్కలేదు. బేరంలో ఆవిణ్ణి గెలిచినవాళ్లు లేరు. వీరుడికి అది తెలియదు. గంప దించమన్నాడు.

అతడు తన ఆయుధాలు అరుగు మీద పరిచాడు. రెండు ఖద్దరు చొక్కాలు, ఒక పంచె, సంఘం పాత బేనరు, కరుణకుమారి విడిచివెళ్లిన ఒక నూలుచీర.

కొండలమ్మ చొక్కా రెండు వేళ్లతో ఎత్తింది. "కద్దరు మాకొద్దు బాబూ. ఇది గుడ్డ కాదు, గోనె. ఈ ఎర్రదేటి, రాతలున్నాయి?"

"అది మా సంఘం బేనరు. దానిలో వెయ్యిమంది చెమట ఉందమ్మా."

"ఉంటాది. వాసనొస్తంది." దాన్ని పక్కన పెట్టి చీర విప్పింది. కొంగు చివర దగ్గర ఆగింది. వెలుగుకు ఎత్తి చూసింది. "కొంగంతా కాలిపోనాది గదా బాబూ. జల్లెడలాగుంది. దీనికి సెంచా కూడా రాదు."

"పాత చీర కాబట్టి కాలి ఉంటుంది" అన్నాడు వీరుడు, పాతబడితే చీరలు వాటంతట అవే కాలతాయన్నట్టు.

కొండలమ్మ అతడి మొహం ఒకసారి చూసి, చీర మడిచి పక్కన పెట్టింది. "ఇంకేటీ నేవా?" అంది.

పరాజయం గడపదాకా వచ్చింది. వీరుడు లోపలికి వెళ్లి రేకుపెట్టె తెరిచాడు. అడుగున, పాత పేపరులో చుట్టి, నల్లగా, గంభీరంగా, అమ్ములపొదిలో ఆఖరి బాణంలా పడి ఉంది పెళ్లికోటు. దొరల నాటి ఉన్ని కోటు. పెళ్లినాడు తొడుక్కున్నాడు, ఆ తరవాత దాస్యచిహ్నమని తిట్టాడు, పెట్టెలో పెట్టాడు, మరిచిపోయాడు.

కొండలమ్మ కళ్లు మెరిశాయి. ఆ మెరుపు దాచడానికి ఆవిడ ఆవులించింది. "ఏదో ఒకటి. మూడు సామాన్లిస్తాను."

అక్కడ మొదలైంది అసలు యుద్ధం.

"మూడా? ఓ లోహభాండధారిణీ, ఈ కోటు ఏమిటో తెలుసునా? సముద్రాలు దాటి వచ్చింది. చలిదేశపు గొర్రెలు తమ వంటి మీది ఉన్నిని దీనికి ధారపోశాయి. ఇది తొడుక్కుంటే కూలివాడు కూడా కలెక్టరులా కనబడతాడు. అలాంటి రాజసానికి మూడు సామాన్లు కట్టడం శ్రమకు జరిగే అవమానం."

"గొర్రెలు బాగున్నాయి గాని బాబూ, సంకకాడ సిరుగుంది. నాలుగు."

"చిరుగు చరిత్ర తెచ్చిన గాయం. పది."

"ఎండెక్కిపోతంది. అయిదు. ఒల్లకపోతే ఎల్తాను."

గంప ఎత్తబోయింది. వీరుడు అయిదుకు దిగాడు. పదికీ అయిదుకూ మధ్య దూరమంతా తానే నడిచి, దాన్ని విజయంగా భావించాడు. తరవాత నలభైమూడు సామాన్ల జాబితా తీసి ఆవిడకు వినిపించాడు.

"టీ ఓటలు పెడతారేటి బాబూ?" అంది కొండలమ్మ.

జాబితా జేబులో పెట్టేసి, ముఖ్యమైనవేవో వీరుడు తన కళ్లతోనే ఏరాడు. ఏది ఎక్కువ మెరిస్తే అది ముఖ్యమైనది. ధర్నాలకు అన్నం పట్టుకెళ్లడానికి మూడంతస్తుల కేరేజీ. అత్తగారికి టీ అందించడానికి అంచు మీద పువ్వులు చెక్కిన ట్రే. డాలు మాదిరి ఒక బేసిను. ఒక పన్నీరుబుడ్డి, అది ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. చివరికి, చెయ్యి పొరపాటున తగిలి, మూత ఉన్న గిన్నె ఒకటి.

"ఇయ్యేనా ముక్యమైనవి?" అంది కొండలమ్మ.

"ఇవే."

"సరే మరి." ఆవిడ కోటు మూటలో పెట్టుకుంది. గంప అడుగున చెయ్యిపెట్టి, నల్లటి ఇనప పట్టకారు ఒకటి తీసి అరుగు మీద పడేసింది. వేడిగిన్నె దించుకునే మామూలు పట్టకారు. మెరుపు లేదు, పువ్వులు లేవు. "ఇది కొసరు. ఉంచండి."

"ఈ ఇనపముక్క నాకెందుకు?"

"కొసరు ఒద్దనకూడదు బాబూ" అని గంప ఎత్తుకుని బలిఘట్టం దారి పట్టింది.

వీరుడు అయిదు సామాన్లనూ వరసగా పేర్చి, వాటి మధ్య తన ముఖాన్ని అయిదుచోట్ల చూసుకుని మీసం దువ్వాడు. పట్టకారును మూలకు విసిరాడు. విజయదుందుభి మోగిద్దామని బేసిను మీద ఒక దెబ్బ కూడా వేశాడు. ఆ మోతకు గుమ్మంలోకి వచ్చినట్టుగా, మడత నలగని తెల్లపంచెతో, గొడుగుతో, మిషను గుడి సంఘపెద్ద వరదానం గారు ప్రత్యక్షమయ్యారు.

"ఉన్నావా నాయనా. సోమవారం మా తమ్ముడి కొడుకు క్రీస్తురాజు పెళ్లి గదా. కోటు ఓసారి ఎండలో వేసి ఇస్తావని వచ్చేను."

ఇక్కడ కథకుడు ఒక నిమిషం ఆగి నీళ్లు తాగాలి.

ఎందుకంటే ఆ కోటు ఏసుపాదానిది కాదు. ఎవరిదీ కాదు. అందరిదీ. ఏనాడో ఒక దొరగారు సొంతదేశం వెళ్తూ మిషను గుడికి వదిలిపెట్టిన కోటది. కోటు లేకుండా గుళ్లో పెళ్లికొడుకు నిలబడడం మర్యాద కాదు. కోటు కుట్టించుకునే స్తోమత ఆ వీధుల్లో ఎవరికీ లేదు. అందుకని ఒక్క కోటే చేతులు మారుతూ ప్రతి పెళ్లికొడుకునూ ఒకపూట దొరను చేసేది. లావుపాటివాడు వస్తే కుట్లు విప్పేవారు, సన్నపాటివాడు వస్తే మళ్లీ వేసేవారు. తొడుక్కున్నవాడు తరవాతి పెళ్లిదాకా దాన్ని దాచి, ఆ వచ్చినవాడికి అప్పగించాలి. అదే కట్టు. ఏడాదిన్నరగా ఆ గుళ్లో పెళ్లి జరగలేదు. ఏడాదిన్నరగా కోటు వీరుడి పెట్టెలో ఉంది.

ఆస్తి అందరిదీ కావాలని కూడళ్లలో కుర్చీలెక్కి అరిచినవాడు, ఊళ్లో నిజంగా అందరిదీ అయిన ఒకే ఒక్క వస్తువును తన సొంతం అనుకుని, ఒక పన్నీరుబుడ్డికి అమ్మేశాడు. దీన్ని శత్రువులు కరపత్రం వేస్తే నేను పరువునష్టం దావా వేసేవాణ్ని. నేనే రాసుకుంటున్నాను కాబట్టి చేసేదేమీ లేదు.

"సాయంత్రానికి తెచ్చి ఇస్తానండి" అన్నాడు వీరుడు, ఎక్కడనుంచో వచ్చిన గొంతుతో.

వరదానం గారు లోపలికి తొంగిచూశారు. "సామాన్లు సమకూరేయన్నమాట. దేవుడు మంచివాడు నాయనా" అని గొడుగు విప్పుకుని వెళ్లారు.

సామాన్లు ఉంచుకుంటే కోటు రాదు. కోటు తెస్తే సామాన్లు ఉండవు. సోమవారం పెళ్లికొడుకు చొక్కాతో గుళ్లో నిలబడాలి, లేదా శనివారం పిల్ల రెండు గంటల బస్సెక్కి వెళ్లిపోవాలి. వీరుడు చాలాసేపు అయిదు సామాన్ల ఎదుట గొంతుక్కూర్చున్నాడు. తరవాత గోనెసంచి తెచ్చాడు. మూలనున్న పట్టకారును కూడా ఏరి అందులో వేశాడు. తిరిగి ఇచ్చేటప్పుడు పూర్తిగా ఇవ్వాలి కదా.

అడ్డాకు పరిగెత్తి సింగన్న సైకిలు అడిగాడు.

"బ్రేకుల్నేవు తమ్ముడా" అన్నాడు సింగన్న.

"ఆగే పని లేదు" అన్నాడు వీరుడు.

అప్పుడు కదిలింది ఆ ఏకాశ్వరహితరథం. వెనక సంచిలో కేరేజీ బేసినునూ, బేసిను ట్రేనూ, ట్రే గిన్నెమూతనూ తాడించగా పుట్టిన భాండఘోషకు చెరుకుబళ్ల ఎద్దులు బెదిరి పక్కకు తొలగుచుండగా, కుక్కలు వెంట మొరుగుచుండగా, పంచె గొలుసులో పడి చిరుగుచుండగా, ఆపుకోవలసిన ప్రతి చోటా రెండు కాళ్లూ నేలకు రాసి చెప్పులు అరగదీయుచు, చెమటధారాస్నాతుడై వీరుడు బలిఘట్టం పొలిమేర చేరాడు. వరాహనది ఇసక పక్కన మామిడిచెట్టు నీడలో కొండలమ్మ గంప దించి చద్దన్నం తింటోంది.

సైకిలు ఆగలేదు. ఇసకలో దిగబడి, వీరుణ్ని ఆవిడ పాదాలకు రెండు గజాల దూరాన సాష్టాంగంగా పడేసి, అప్పుడాగింది.

"నెగండి బాబూ. ఏటయ్యింది, గిన్నె కారుతందా?"

వీరుడు లేచి, ఇసక దులుపుకుని, చెయ్యెత్తాడు. "అమ్మా కొండలమ్మా. చరిత్రలో ఒప్పందాలు రెండు రకాలు. న్యాయమైనవి, అన్యాయమైనవి. అన్యాయమైన ఒప్పందాన్ని తిరగదోడే హక్కు..."

"బేరం అయిపోనాది బాబూ" అంది ఆవిడ, ఉల్లిపాయ కొరికి.

అతడు మరో నాలుగు వాక్యాలు విసిరాడు. ఆవిడ మరో నాలుగు ముద్దలు తింది. ఆఖరికి వీరుడు మాటలు ఆపి, మూటలోంచి కోటు లాగి, లోపలి పట్టీ తిప్పి చూపించాడు. చెరగని సిరాతో రాసిన పేర్లు, ఒకదాని కింద ఒకటి.

"ఇయ్యేటి?"

"పెళ్లికొడుకుల పేర్లు. పదిహేడుమంది. ఇది గుడి కోటు. సోమవారం పద్దెనిమిదోవాడి పెళ్లి." అతడు చదివాడు. కొందరు పోయారు. ఒకాయన వరదానం గారే. పదిహేడోది చదవలేక చదివాడు. "ఏసుపాదం."

కొండలమ్మ చెయ్యి కడుక్కుంది. "నలుగురిదీ మీదెలాగయ్యింది బాబూ?"

"ఏడాదిన్నర నా పెట్టెలో ఉంది. అలా అయిపోయింది."

"అలాగే అవుతాది. అందరికీ అలాగే అవుతాది." ఆవిడ సంచి తన దగ్గరికి లాక్కుంది. "పద్దెనిమిదోవోడు సొక్కాతోటి పెళ్లాడితే ఆ ఉసురు నాకెందుకు. పట్టుకెల్లండి."

సామాన్లు ఒక్కొక్కటీ తీసి వేలితో మోగించి చూసింది. ట్రేకు సొట్ట పడింది. నాలుగు మాటలు అంది. వీరుడు నాలుగూ పుచ్చుకున్నాడు. చివర పట్టకారు అందించాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కొసరు ఎనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే గంప మళ్లీ నిండదు. మాయమ్మ కాడినుంచీ అదే పద్దతి."

"బేరమే లేనప్పుడు కొసరెక్కడిదమ్మా?"

"అది బేరాన్ని సూసి ఇవ్వలేదు బాబూ, ఆ సీర సూసి ఇచ్చేను. కొంగు సివర అలాగ ఊరికే కాలదు. సెవుల్నేని గిన్నె కొంగెట్టి దించితే కాల్తాది. కొంగే అలాగుంటే సేతి ఏళ్లెలాగుంటాయో సూసుకోండి."

ఇక్కడ సమాసాలు రావు. పురిటికి వెళ్లకముందు, సాయంత్రం వంట అయ్యాక కరుణకుమారి కుండలోంచి ముంతతో నీళ్లు తీసుకుని, వేళ్లు ముంచి కాసేపు కూర్చునేది. అతడు రోజూ చూశాడు. ఎండ ఎక్కువగా ఉంది, చల్లదనం కోసమనుకున్నాడు. ఎదురుగా కూర్చుని తన మర్నాటి ఉపన్యాసం చదివి వినిపించేవాడు. బాగుందా అంటే బాగుందనేది.

వీరుడు పట్టకారును చేత్తో పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ తిరిగి వచ్చాడు. ఎక్కలేదు.

కోటు సాయంత్రానికి వరదానం గారికి చేరింది. ఆ రాకపోకల కథ అడక్కపోవడం ఆయన మంచితనం. చీకటిపడక ముందే వీరుడు జిగురుగిన్నెను బూడిదతో, చింతపండుతో, కొబ్బరిపీచుతో తోమాడు. సమ్మెనాటి జిగురు కూడా వదిలింది. గోడకు ఒక మేకు కొట్టి, పొయ్యికి కుడిచేతి వైపున, పట్టకారు తగిలించాడు. ఇంకేమీ చెయ్యడానికి లేదు.

శనివారం పన్నెండున్నరకు అత్తగారు సువర్ణమ్మ గుమ్మంలో అడుగుపెట్టింది. ఆవిడ వెనక కరుణకుమారి, చేతుల్లో పాప. సువర్ణమ్మ చెప్పులు విప్పలేదు. గది మధ్యన నిలబడి నాలుగు దిక్కులూ చూసింది. నాలుగో దిక్కుకు వెళ్లేసరికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"అదే గిన్నె" అంది.

"అదేనండి. తోమేను."

"ఆ మేకుకి ఏలాడుతున్నదేటి అల్లుడుగారూ?"

"పట్టకారండి."

"ఏడాదిన్నరకి ఒక పట్టకారు."

"అవునండి."

వీరుడి దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. రెండు ఇనప చేతులు ఒక్క మేకు దగ్గర కలిసి పనిచేస్తే ఎంతటి వేడినైనా ఎత్తగలవని, ఐక్యతకు అంతకుమించిన గురుతు లేదని, ఇరవై నిమిషాల సరుకు. ఊపిరి పీల్చాడు. అంతలో కరుణకుమారి పాపను తెచ్చి అతడి చేతుల్లో పెట్టింది. మెడ నిలవని పిల్లను పట్టుకుని చెయ్యెత్తి మాట్లాడడం కుదరదు. అతడు నోరు మూసుకున్నాడు.

ఆవిడ పొయ్యి రాజేసింది. జీడిపుల్లలు చిటపటలాడాయి. గిన్నెలో నీళ్లు మరిగాయి. ఆవిడ వంగి, అలవాటుగా కొంగు చేతికి చుట్టుకుంది. చుట్టుకుని ఆగింది. కొత్తచీర కొంగు అది. మేకు వైపు చూసింది. కొంగు విప్పేసి, చెయ్యి చాపి, చూడకుండానే అందే చోట ఉన్న పట్టకారు తీసుకుంది. అంచును పట్టి, గిన్నె ఎత్తి, కింద పెట్టింది. చుక్క తొణకలేదు.

"ఎవులు సెప్పేరు మీకు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

నేనే కనిపెట్టాను అనవచ్చు. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. "బట్టలకు సామాన్లిచ్చే కొండలమ్మ చెప్పింది" అన్నాడు. "నాకు తెలీలేదు."

వీరుడి జీవితంలో అది అతి చిన్న ఉపన్యాసం. కరుణకుమారి తిరిగి చూసింది. గిన్నెమూత వైపు చూసిన చూపు కాదు, వేరే.

బస్టాండులో ఏదో బస్సు హారను వేసింది. సువర్ణమ్మ ఇంకా చెప్పులతోనే ఉంది. "ఎల్దామేటే కరుణా?"

"నువ్వెల్లమ్మా. నేను ఉంటాను. బండి పంపించు." కరుణకుమారి వేళ్లు మడిచింది. "అంతా ఒద్దు. మూతున్న గిన్నొకటి, మంచి గరిటొకటి, కత్తిపీటొకటి. సాలు. మిగతా ఇత్తడి మేం సేసుకునేదేటి, తోముకు సావడానికి." అని భర్త వైపు చూసింది. "ఏటండీ, ఈమాటు కూడా బండి తిప్పీస్తారేటి?"

ప్రపంచ కార్మికోద్యమం అంతా ఆ జవాబు కోసం చెవులు నిక్కించింది. పాప అతడి భుజం మీద నిద్రపోయింది. నోరు తెరిస్తే లేస్తుంది. అతడు లేదన్నట్టు తల ఊపాడు.

సువర్ణమ్మ చెప్పులు విప్పింది. "ఒంటిగంట కావస్తంది. గంజేదైనా కాసేవా, నీళ్లేనా?" అంది కూతురితో.

కనుక ఓ జనులారా, దిక్కులు దద్దరిల్ల చాటుచున్నాను. నలభైమూడు సామాన్ల తీర్మానం మట్టిగరవగా, కుక్కరు ఈల వేయకముందే వెనుదిరుగగా, కేరేజీ, ట్రే, బేసిను, పన్నీరుబుడ్డి, మూతగిన్నె అను పంచమహారథులు ఒక్క పగటిలో వచ్చి అదే పగటిలో పోగా, కోటు పద్దెనిమిదో పేరు కోసం పట్టీలో చోటు చేసుకోగా, నర్సీపట్నమందు ఒక వంటింటి గోడను ఒక మేకు మీద ఒక పట్టకారు నిలిచి గెలిచెను. అది గెలిచెను గాని నేను కాదు.

ఈ గాథ విన్నవారికి పుణ్యం రాదు, చదివినవారికి పదవి రాదు. మీ ఇంట్లో గిన్నె దేంతో దించుతున్నారో లేచివెళ్లి ఒకసారి చూస్తే, ఎవరిదో ఒక చెయ్యి కాలదు.